కొవ్వూరు ఒడ్డు, 1967–74: ఒక మోడల్ రైల్వే వెనకున్న పరిశోధన

మోడల్ రైల్వే, అంటే నిజమైన రైల్వేకి చిన్న నమూనా, కట్టేవాళ్లు చాలామంది ఇంజనుతో మొదలుపెడతారు. నచ్చిన ఇంజను కొని, దానికి పెట్టెలు వెతికి, ఆ తర్వాత స్టేషను కడతారు. నా పద్ధతి వేరు. ముందు కాలం తేల్చుకుంటాను. ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు అన్నది ఖరారయ్యాకే చేతికి బ్లేడు. ఈ లేఅవుట్ (పట్టాలు, స్టేషను, వంతెన అన్నీ కలిపిన నమూనా) విషయంలో ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ ఏ ఆధారం పనికొచ్చిందో రాస్తున్నాను. మన ప్రాంతపు రైళ్ల మీద ఇలాంటి పని చేసేవాళ్లు తక్కువ. చేయాలనుకునేవాళ్లకు కొంత దారి కనిపిస్తుందని ఆశ.

పని అడిగింది రాజమండ్రిలో ఉంటున్న ఒక రిటైర్డ్ గార్డు గారి పిల్లలు. "నాన్నగారు డ్యూటీ చేసిన రోజుల్లో గోదావరి బ్రిడ్జి ఎలా ఉండేదో అలా కావాలండి" అన్నారు. వినడానికి సులువే. కానీ ఆయన సర్వీసులో నది మీద మూడు రైలు వంతెనలు చూశారు. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన ఆయన చేరేనాటికే ఉంది. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది. 1997లో కాంక్రీటు ఆర్చీల వంతెన వచ్చి పాత దానికి సెలవిచ్చింది. "ఆ రోజులు" అంటే ఈ మూడింట్లో ఏ రోజులు?

ఆయన్నే అడిగాను. క్షణం కూడా ఆలోచించలేదు. "పాత బ్రిడ్జి ఒక్కటే ఉన్నప్పుడు బాబూ. అప్పుడు ఈ నది మీద బండి నడపడం కాదు, ఆపడమే అసలు పని" అన్నారు.

ఆ ఒక్క మాటతో లేఅవుట్ దేని గురించో తేలిపోయింది. నది మీద ఒకటే లైను. మద్రాసు వైపు బండ్లు, హౌరా వైపు బండ్లు అన్నీ దాని మీదే. ఒకటి వెళితే ఇంకొకటి ఇటు ఒడ్డున ఆగాలి. కొవ్వూరులో ఆగే ఆ నిరీక్షణే మోడల్ చేయాల్సిన వస్తువు. వంతెన దానికి కారణం మాత్రమే.

కాలానికి హద్దులు గీయడం

పై హద్దు తేలిగ్గానే దొరికింది. 1974లో రెండో వంతెన రావడంతో ఒకే లైను కథ ముగిసింది. అదే ఏడు మూడో తరగతి కూడా రద్దయింది. కాబట్టి మన పెట్టెల తలుపుల పక్కన మూడో తరగతి గుర్తు ఉండి తీరాలి.

కింది హద్దుకు ఆయన సర్వీసు రిజిస్టరు చూశాం. గూడ్సు గార్డుగా చేరింది 1967లో. అంతకు కొద్ది నెలల ముందు, 1966 అక్టోబరు 2న, దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. అప్పటిదాకా విజయవాడ డివిజన్ దక్షిణ రైల్వేలో ఉండేది. ఇంకా వెనక్కి వెళితే ఈ లైను ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేగా మొదలై, 1901లో వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం మద్రాస్ రైల్వే చేతికి, 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి, 1951లో దక్షిణ రైల్వేకి వచ్చింది. యాజమాన్యం మారినప్పుడల్లా ఇంజను మీద అక్షరాలు మారాయి. మోడల్ చేసేవాడికి ఈ చరిత్ర అంతా ఎందుకంటే, టెండరు (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) మీద "ఎస్‌ఆర్" రాయాలా "ఎస్‌సీ" రాయాలా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

కొత్త జోను ఏర్పడిన మర్నాడే అన్ని ఇంజన్లకూ రంగు వేయరు. వర్క్‌షాపుకి పీరియాడికల్ ఓవర్‌హాల్‌కి, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతుకి, వెళ్లినప్పుడే అక్షరాలు మారతాయి. అందుకే మా 1967 అమరికలో ఒక ఇంజను మీద పాత అక్షరాలే ఉంచాను, 1970 అమరికలో అన్నీ కొత్తవి. వ్యాగన్ల సంగతి వేరు. బ్రాడ్‌గేజి వ్యాగన్లు దేశమంతా తిరిగేవి కాబట్టి ఒకే గూడ్సు బండిలో తూర్పు, ఉత్తర, ఆగ్నేయ రైల్వేల అక్షరాలు కలిసే కనిపించాలి. గూడ్సు బండి మొత్తం ఒకే జోను అక్షరాలతో మెరిసిపోతుంటే ఆ మోడలరు అసలు గూడ్సు బండ్ల ఫొటోలు చూడలేదని తెలిసిపోతుంది.

హద్దులు గీశాక తీసేయాల్సినవి వాటంతటవే పక్కకు పోయాయి. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది 1977లో, కాబట్టి లేదు. బాక్స్‌ఎన్ వ్యాగన్లు 1980లలోవి, లేవు. నీలం రంగు పెట్టెలు 1990లలోవి, లేవు. బండికి నాలుగంకెల నంబరు 1989లో వచ్చింది, అయిదంకెల నంబరు 2010 డిసెంబరులో వచ్చింది, కాబట్టి బోర్డుల మీద ఆ నంబర్లూ లేవు. మార్కెట్లో దొరికే భారతీయ రైలు మోడళ్లు చాలావరకు ఈ ఒక్క జల్లెడలోనే రాలిపోతాయి. బాధగానే ఉంటుంది, కానీ డబ్బు మిగిలేదీ ఇక్కడే.

మనిషి జ్ఞాపకం, కాగితం

గార్డు గారి దగ్గర ఆయన సొంత డైరీలు ఉన్నాయి. ఇంతకంటే విలువైన ఆధారం ఈ పనిలో నాకు దొరకలేదు. డ్యూటీలో గార్డు రాయాల్సిన కంబైన్డ్ ట్రైన్ రిపోర్టు ఆఫీసుకి వెళ్లిపోతుంది, కానీ చాలామంది గార్డులు తమ లెక్క కోసం అవే వివరాలు విడిగా రాసుకునేవారు. ఒక పేజీలో ఇలా ఉంది: గూడ్సు, ఇంజను డబ్ల్యూజీ, కొవ్వూరు రాక 02.10, పోక 02.55, పక్కన "మెయిలు కోసం". అంతే. డబ్ల్యూజీ అంటే గూడ్సు బండ్లు లాగే స్టీము ఇంజను రకం. ఆ నలభై అయిదు నిమిషాలే మా లేఅవుట్ టైంటేబులుకి పునాది.

డైరీలో రాసుకున్న ఇంజను నంబర్లను సరిచూడడానికీ ఒక పద్ధతి ఉంది. ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగిన డబ్ల్యూపీ ఇంజన్లు మొత్తం 755, తయారైంది 1947 నుంచి 1967 వరకు. వాటి నంబర్లు 7000తో మొదలై 7754 దాకా. డైరీలోని డబ్ల్యూపీ నంబరు ఏదైనా ఈ హద్దు దాటితే అంకె చదవడంలో తేడా ఉన్నట్టే. చిత్తరంజన్‌లో డబ్ల్యూపీలు కట్టింది 1963–67 మధ్య. అంటే మన కాలానికి అవి దాదాపు కొత్త ఇంజన్లు. మసి పట్టించే ముందు ఇది గుర్తుంచుకోవాలి. స్టీము ఇంజను అనగానే తుప్పూ మసీ పూసేయడం మనవాళ్లకు అలవాటైపోయింది. 1968లో విజయవాడ షెడ్ వైపు వచ్చే డబ్ల్యూపీకి ముక్కు మీద వెండి రంగు తుడిచి మెరిపించేంత శ్రద్ధ ఉండేది.

ముసలివాళ్ల జ్ఞాపకం గురించి ఒక మాట. పని చేసిన పద్ధతి వాళ్లకు బాగా గుర్తుంటుంది, తేదీలు గుర్తుండవు. ఏ లివరు ముందు లాగాలి, లైను మీదికి వెళ్లడానికి అనుమతిగా ఇచ్చే టోకెను ఎవరు ఎవరికి ఇస్తారు, రాత్రి చేతిదీపం ఎటు ఊపాలి అని అడిగితే గార్డు గారు కళ్లు మూసుకుని చెప్పేవారు, ఒక్క మెట్టు తప్పేది కాదు. అదే ఫలానా పెట్టెను కొత్త వంతెన మీద చూశారా పాత దాని మీద చూశారా అంటే రెండూ కలిసిపోయేవి. మూడో తరగతి గుర్తున్న పెట్టె కొత్త వంతెన మీద వెళ్లడం చూశానని గట్టిగా అన్నారు. రద్దయింది కూడా 1974లోనే కాబట్టి రంగు మారని పెట్టె ఏదో వెళ్లే ఉంటుంది, అసాధ్యమేం కాదు. అందుకే ప్రశ్నల్ని రెండుగా విడదీసుకున్నాను. "ఎలా" అన్నవి ఆయన్ని అడిగాను, "ఎప్పుడు" అన్నవి కాగితాల్ని అడిగాను.

కాగితాలంటే ముఖ్యంగా టైంటేబుళ్లు. ప్రయాణికుల టైంటేబుల్లో కొవ్వూరు, రాజమండ్రి వేళలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ బండికి నది దాటడానికి ఎంత సమయం ఇచ్చారో తెలుస్తుంది. ఒక బండికి ఎక్కువ, ఇంకో దానికి తక్కువ ఉంటే, ఎక్కువ ఉన్నది ఎదురు బండి కోసం ఆగుతోందని అర్థం. కలకత్తా నుంచి వచ్చిన న్యూమన్స్ ఇండియన్ బ్రాడ్‌షా అనే రైల్వే టైంటేబుల్ పుస్తకం పాత సంచికలు ఇందుకు బాగా పనికొస్తాయి. సిబ్బందికిచ్చే వర్కింగ్ టైంటేబులు దొరికితే గూడ్సు బండ్ల దారులు కూడా అందులో ఉంటాయి. పట్టాల అమరికకు 1950ల నాటి అమెరికా సైన్యం వారి 1:250,000 మ్యాపులు చూశాను. టెక్సస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వాటిని అందరికీ అందుబాటులో పెట్టింది. ఏ లైను ఎటు తిరిగిందో అందులో స్పష్టంగా ఉంటుంది, స్టేషను లోపలి లూపులు (బండ్లు పక్కకు తప్పుకుని ఆగే లైన్లు) మాత్రం ఉండవు. వాటికి మళ్లీ గార్డు గారే దిక్కు.

ఫొటోకి తేదీ కట్టడం

పాత ఫొటోల వెనక రాసిన ఏడును నేను నమ్మను. ఫొటో లోపలే తేదీ వెతుకుతాను. వ్యాగను పక్కన స్టెన్సిల్‌తో రాసిన చిన్న అక్షరాలుంటాయి: మోసే బరువు, ఖాళీ బరువు, చివరి ఓవర్‌హాల్ ఏ వర్క్‌షాపులో ఏ నెలలో జరిగింది, మళ్లీ ఎప్పుడు పంపాలి. ఒక ఫొటోలో నాలుగు చక్రాల కవర్డ్ వ్యాగను మీద ఓవర్‌హాల్ తేదీ 3-69 అని భూతద్దంలో కనిపించింది. అంటే ఆ ఫొటో 1969 మార్చికి ముందు తీసింది కాదు, పక్కనే ఉన్న తిరిగి పంపాల్సిన తేదీ దాటాక తీసిందీ కాకపోవచ్చు. అదే ఫొటోలో ఉన్న సిగ్నల్ స్తంభం, గార్డు బ్రేక్‌వ్యాను, ప్లాట్‌ఫాం కంచె అన్నిటికీ ఒక్కసారిగా తేదీ వచ్చేసింది. ఇలాంటి ఒక్క ఫొటో, తేదీ తెలియని ఆల్బం మొత్తం కంటే ఎక్కువ పని చేస్తుంది.

మ్యూజియం ఇంజన్లతో జాగ్రత్త. బాల్డ్విన్ వారు కట్టిన డబ్ల్యూపీ 7200, ఇంకా 7161 లాంటివి భద్రపరిచి ఉన్నాయి. కొలతలకు, రివెట్ల వరుసలకు, పైపుల దారికి ఇవి బంగారం. రంగుకు మాత్రం సాక్ష్యం కావు. ప్రదర్శన కోసం వేసిన రంగు ప్రదర్శనదే. డబ్ల్యూపీ ముక్కు మీది నక్షత్రం ఒక్కో షెడ్‌లో ఒక్కో తీరుగా వేసేవారు. మన ప్రాంతంలో నడిచిన ఇంజను ఫొటో దొరికేదాకా నేను ముక్కు భాగాన్ని ప్రైమరులోనే ఉంచాను.

స్కేలు, పట్టాలు

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87లో, అది 19.26 మి.మీ. అవుతుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ., యూరపు ప్రామాణిక గేజికి సరిపోయేది. దాదాపు 2.75 మి.మీ. తేడా. గేజిని కాపాడాలంటే స్కేలును సుమారు 1:100కి దించాలి, అప్పుడు చక్రాలు, మోటార్లు, మనుషుల బొమ్మలు ఏవీ దొరకవు. లేదా పట్టాలూ ఇరుసులూ అన్నీ చేత్తో చేసుకోవాలి.

నేను 16.5 మీదే ఉన్నాను. ఈ లేఅవుట్‌ను చూసేది నది వైపు నుంచి, కంటి ఎత్తులో, పక్క నుంచి. అక్కడి నుంచి గేజి కనబడదు. పెట్టె పొడవు, చక్రం వ్యాసం, పట్టా కింద ఏముందన్నది కనబడతాయి. పెరంబూరు ఐసీఎఫ్ కర్మాగారపు పెట్టె 21,337 మి.మీ. పొడవు 1:87లో 245 మి.మీ. రావాలి, అందులో రాజీ లేదు. డబ్ల్యూపీ పెద్ద చక్రం 5 అడుగుల 7 అంగుళాలు, అంటే మోడల్లో 19.5 మి.మీ. దానికి దగ్గరి చక్రాలున్న యూరపు 4-6-2 (చక్రాల అమరిక) చాసిస్ మీద శరీరాన్ని ఇత్తడి రేకుతో కట్టాను.

పట్టా కింద ఏముందన్నదే మనవాళ్లు ఎక్కువగా వదిలేసే విషయం. యూరపు పట్టా కొంటే దానికి చెక్క స్లీపర్లు ఉంటాయి. మన దేశంలో ఆ కాలంలో ఎక్కడ చూసినా కనబడేవి సీఎస్‌టీ-9 పోత ఇనుప స్లీపర్లు. ఇటు ఒక ఇనుప ప్లేటు, అటు ఒకటి, రెంటినీ కలుపుతూ నడుమ ఒక సన్నని టై బారు, పట్టాను బిగించే 'కీ' అనే ఇనుప ముక్క. ప్లేట్లు కంకరలో సగం కూరుకుపోయి, మధ్యలో కంకర తప్ప ఏమీ లేనట్టు కనిపిస్తుంది. చెక్క స్లీపరులా ఇటు నుంచి అటు దాకా ఒక పట్టీ ఉండదు. ఈ ఒక్క తేడాతో పట్టా యూరపుదా మనదా అన్నది దూరం నుంచే తెలిసిపోతుంది. 13 మీటర్ల పట్టాకు 17 స్లీపర్లు లెక్కన మోడల్లో 8.8 మి.మీ.కి ఒకటి వస్తుంది. ప్లేట్లను రెసిన్‌లో పోత పోసి, టై బారుకు సన్నని ఇత్తడి తీగ వాడాను. ప్రతి 149 మి.మీ.కి ఒక ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను కలిపే పలక), పట్టా తలపై సన్నని రంపపు గాటు. బండి వెళుతుంటే టకటక మనే చప్పుడు ఆ గాట్ల నుంచే వస్తుంది. వంతెన గర్డర్ల మీద మాత్రం చెక్క స్లీపర్లే.

వంతెన ఎంత చూపించాలి

హేవ్‌లాక్ వంతెన పని 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో ముగిసింది. ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు (రెండు స్తంభాల నడిమి భాగాలు), మొత్తం 2.7 కిలోమీటర్ల పైచిలుకు. ఒక ఖానా 1:87లో 525 మి.మీ. మొత్తం కట్టాలంటే 31 మీటర్ల దాకా గది కావాలి.

నాలుగు ఖానాలు కట్టాను. ఖానా పొడవు ఒక్క మిల్లీమీటరు కూడా కుదించలేదు. చాలామంది ఖానాలను పొట్టి చేసి ఎక్కువ సంఖ్యలో పెడతారు, అప్పుడు ఇంజను పక్కన గర్డరు బొమ్మలా కనిపిస్తుంది. నా దృష్టిలో సంఖ్య తగ్గించడం సబబు, కొలత తగ్గించడం కాదు. నాలుగో ఖానా తర్వాత వంతెన వెనక గోడ పొగమంచులోకి వెళ్లిపోతుంది, బండి దాక్కునే లూపుల్లోకి చేరుతుంది.

గర్డరు వివరాలకు వంతెన ఇప్పటికీ నిలిచి ఉండడం అదృష్టం. గోష్పాద క్షేత్రం వైపు గట్టు నుంచి, రాజమండ్రి ఘాట్ల నుంచి దూరపు లెన్సుతో, గర్డరుకు వీలైనంత లంబంగా ఫొటోలు తీశాను. స్తంభం నుంచి స్తంభానికి 150 అడుగులు అని తెలుసు కాబట్టి ఫొటోలో ఆ దూరాన్ని కొలబద్దగా పెట్టుకుని లోపలి పలకలు, అడ్డదూలాలు లెక్కగట్టాను. వంతెన మీదికి ఎక్కలేదు, ఎవరూ ఎక్కకూడదు కూడా. స్తంభాల రాతి వరుసలు కూడా ఇలాగే లెక్కపెట్టుకోవచ్చు. ఇప్పటి తుప్పు రంగు మాత్రం 1997 తర్వాతి కథ. రోజూ మెయిళ్లు నడిచిన వంతెనకు రంగు ఎప్పటికప్పుడు పడేది.

నీటిమట్టం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. దిగువన ధవళేశ్వరంలో ఇప్పుడున్న బ్యారేజీ 1970లో మొదలై 1982లో పూర్తయింది. మన కాలంలో అక్కడ ఉన్నది 1852 నాటి కాటన్ ఆనకట్టే. కాబట్టి ఇప్పటి ఫొటోలోని నీటి అంచును స్తంభాల మీద అలాగే గీయకూడదు. పాత ఫొటోల్లో రాతి వరుసలు లెక్కపెట్టి, నీళ్లు ఎన్నో వరుస దాకా ఉన్నాయో చూసి పెట్టాను. నెల కూడా ఎంచుకున్నాం. ఆగస్టు, ఎర్రనీరు దిగే రోజులు. గార్డు గారి డైరీలో ఆ నెల పేజీలే ఎక్కువ నిండుగా ఉన్నాయి.

నడిపించడం

సింగిల్ లైను పనికి నీల్స్ బాల్ టోకెను పద్ధతి పెట్టాం. ఉక్కు గోళం డ్రైవరు చేతిలో ఉంటేనే బండి సెక్షన్‌లోకి వెళ్లాలి, ఆ గోళం అవతలి స్టేషను పరికరంలో పడేదాకా ఇంకో గోళం బయటికి రాదు. బేరింగు గోళాలతో, రెండు టేకు పెట్టెలతో, సొలినాయిడ్ల (కరెంటుతో కదిలే అయస్కాంతాల) తాళంతో దీన్ని నిజంగానే పనిచేసేలా కట్టాను. అవతలివాళ్లు మీట నొక్కి పట్టుకుంటేనే ఇటు గోళం జారుతుంది. సిగ్నళ్లు కిందికి వాలే సెమాఫోర్లు, అంటే రెక్క సిగ్నళ్లు: అవుటరు, దాని కింద చేప తోక వార్నరు, హోము, స్టార్టరు.

వంతెన దాటే సమయానికి లెక్క ఇది. బండి పొడవు 600 మీటర్లు, వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే మొత్తం వంతెన ఖాళీ కావడానికి ఆరున్నర నిమిషాలు. మా గడియారం నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది, కాబట్టి అసలు కాలంలో సుమారు 100 సెకన్లు. కానీ నాలుగు ఖానాలను ఇంజను 22 సెకన్లలో దాటేస్తుంది. మిగిలిన సమయం దాక్కున్న లూపులో గడవాలి, అప్పుడే టోకెను తిరిగి పడాలి. ఈ ఆలస్యం పెట్టకపోతే కొవ్వూరులో ఎవరూ ఎవరికోసమూ ఆగరు, లేఅవుట్‌కు ప్రాణమే ఉండదు.

తొలిసారి నడిపినప్పుడు గార్డు గారు కొవ్వూరు స్టేషను మాస్టరు కుర్చీ తీసుకున్నారు. లూపులో గూడ్సు నిలబడింది, మెయిలు ఇంకా నది మీద ఉంది. నడుపుతున్న మనవడు తొందరపడుతున్నాడు.

"తాతయ్యా, సిగ్నల్ కైకాటి పడలేదు. ఇంకా ఎంతసేపు?"

"గోళం పడనీరా. మెయిలు తోక దీపం చూశావా? చూడలేదు కదా. మరి లైను ఖాళీ అయిందని నువ్వెలా చెబుతావు?"

తోక దీపం! బండి పూర్తిగా వచ్చిందనడానికి చివరి పెట్టె వెనక దీపమే రుజువు, అది చూడకుండా స్టేషను మాస్టరు లైను క్లియరు ఇవ్వరు. మా లేఅవుట్‌లో బండి వెనక భాగం కనబడే చోటే లేదు. ఆ వారమే కొవ్వూరు ప్లాట్‌ఫాం చివర బ్యాక్‌డ్రాప్‌ను (వెనక తెరను) వెనక్కి జరిపి, చివరి పెట్టెకు చిన్న ఎర్ర ఎల్‌ఈడీ పెట్టి, అది కనబడితేనే గోళం వేయాలని నియమం రాశాం. ఇలాంటిది ఏ డ్రాయింగులోనూ, ఏ ఫొటోలోనూ దొరకదు.

1967లో గోదావరి పుష్కరాలు వచ్చాయి, అవి కూడా మన హద్దుల లోపలే. స్పెషల్ బండ్ల అమరిక వేరే పరిశోధన. వాటికి కావాల్సిన పాత చెక్క పెట్టెల కొలతలు ఇప్పుడు సేకరిస్తున్నాను. వాటి కోసం లూపుల్లో మూడో దారిని ఖాళీగా వదిలి ఉంచాం.